వెనక పేజీల కరారు

జనవరి 3

కొత్త డైరీ వచ్చింది. జనగామలో ఎరువుల దుకాణం వాళ్ళు పంచిపెడుతుంటే మా మరిది రాఘవ ఒకటి అడిగి తీసుకొని, బియ్యం బస్తాలతో పాటు సత్రానికి బస్సులో పంపించాడు. అట్ట మీద ఒక రైతు ట్రాక్టరెక్కి నవ్వుతున్నాడు. చొక్కాకు ఒక్క మట్టి మరక లేదు. అట్లాంటి రైతును మా అత్తవారి ఊరు తరిగొప్పులలో నేనెన్నడూ చూడలేదు.

కాగితం మాత్రం మంచిది. సిరా పీల్చడం లేదు.

పొద్దున గోదావరి మీద మంచు. స్నానానికి దిగితే అవతలి ఒడ్డు కనిపించలేదు. స్వామి దయ, ఇంకో ఏడాది ఇక్కడే మొదలైంది.

జనవరి 5

డైరీ వెనక పేజీలు తిరగేస్తున్నాను. తిథులు, గ్రహణాలు, తపాలా ధరలు, ఏ పంటకు ఎంత ఎరువు... ఆ తర్వాత 'నమూనా పత్రములు'. ఇల్లు అద్దెకిచ్చే కరారు, పొలం కౌలు కరారు, చివర నౌకరీ కరారు. పేర్లుండే చోట చుక్కలు. చుక్కల మీద మన పేర్లు రాసుకుంటే పత్రం తయారు. వకీలు అక్కరలేదు, కచేరీ చుట్టూ తిరగనక్కరలేదు. ఊరికే వచ్చిన పుస్తకంలో ఊరికే వచ్చిన పత్రం.

సరిగ్గా నాకు కావలసినదే. పోయిన శివరాత్రికి ముందు రోజు, పండుగ కోసం పెట్టుకున్న వంటవాళ్ళు ఎవరిదో పెళ్ళని చెప్పి బస్సెక్కారు. సత్రం నిండా జనం. ఎప్పుడూ ఉండే మా వంటమనిషి రాజవ్వ ఒక్కతే అన్ని గుండిగల ముందూ నిలబడింది. రాఘవ అప్పుడే అన్నాడు — "నోటిమాట మీద సత్రం నడుస్తదా వదినె? కాయిదం ఉండాలె. కాయిదముంటె ఏడికి పోతరు?"

మామగారు కట్టించిన సత్రం. మావారున్నన్నాళ్ళు మావారు చూశారు. ఇప్పుడు నేను. ఈసారి కాగితం ఉంటుంది.

జనవరి 8

రాయడం అయింది. నమూనా ఏదో దుకాణంలో గుమాస్తా కోసం చేసింది. 'దుకాణము' అన్నచోట 'సత్రము', 'గుమాస్తా' అన్నచోట 'వంటమనిషి'. పదింటి నుంచి అయిదింటి వరకు అన్న పనివేళలు తీసేసి 'తెల్లవారినప్పటి నుండి యాత్రికుల భోజనము ముగియువరకు' అని పెట్టాను. అంతే మార్పు. మిగతాదంతా అచ్చులో ఎట్లా ఉంటే అట్లా.

ఎక్కడా కొట్టివేత లేదు. హనుమకొండ బడిలో మెచ్చుకున్న అక్షరం, యాభై ఏళ్ళొచ్చినా చెదరలేదు. చూసుకుంటుంటే నాకే ముచ్చటగా ఉంది. ఇంట్లోనే కూర్చొని నా సంతకం చేసేశాను.

ముందు రాజవ్వది. ఆమె వేలిముద్ర వేస్తే మిగతావాళ్ళు మారు మాట్లాడరు.

జనవరి 9

రాజవ్వ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఏందమ్మా గిది? నేను ముద్రేస్తె అన్నం ఇంకింత మెత్తగ ఉడుకుతదా?"

అందరికీ ఒకే పద్ధతి అన్నాను.

"సరే తియ్యి. చేసేదేందో కాళుని ముందట చెయ్యి. ఈడ ఉత్త కాయిదం మీద ఎవడన్న మాటిచ్చిండా?"

నిజమే. ఇక్కడ ఎద్దును అమ్మినా, పడవలో వాటా కలిసినా, పిల్లనిచ్చినా — గర్భగుడిలో కాళేశ్వరుడి ముందే మాట. యముడు సాక్షి. మాట తప్పినవాణ్ణి వెతుక్కుంటూ ఆయనే వస్తాడని నమ్మకం.

జనవరి 11

సోమవారం. అభిషేకం అయ్యాక పంతులు గారు మా ఇద్దరినీ ముందుకు రమ్మన్నారు. నేను పైకి చదివాను. నా గొంతు చిన్నదే, కాని గర్భగుడిలో బాగానే వినిపించింది. రాజవ్వ కళ్ళు మూసుకొని, చేతులు జోడించి, మంత్రం విన్నట్టు విన్నది. ఇంకు డబ్బా తీసుకుపోవడం మరిచాను. పంతులు గారు దీపం కుందికి పట్టిన మసి తీసి ఇచ్చారు. దాంతోనే వేలిముద్ర.

"యముడి సాక్షిగా నౌకరీ కరారు! నా సర్వీసులో ఇదే మొదటిదమ్మా" అని పంతులు గారి నవ్వు. ఆయన మా సత్రంలో మంచినీళ్ళు కూడా ముట్టరు. కాని భోజనాల వేళకు మా గోడ పక్క నుంచే గుడికి పోతారు, నెమ్మదిగా, గాలి పీలుస్తూ.

జనవరి 15

"అమ్మా, ఐతారం సెలవన్నవు గదా. గదెప్పటి సంది?"

ఎప్పుడన్నాను రాజవ్వా?

"నువ్వే సదివినవు. కాళుడు గూడ ఇన్నడు."

తీసి చూశాను. ఉంది. 'ఆదివారము సెలవు దినము.' దుకాణానికి ఆదివారం తాళం వేస్తారు. సత్రానికి ఎవరు వేస్తారు? అయినా ఉంది, నా చేతిరాతలో, అందంగా.

సరే. మాట మాటే. ఆదివారం నేను వండుతాను. అన్నం వండడం రాని ఆడదాన్నా?

జనవరి 17

అన్నం అడుగంటింది. గుండిగకూ ఇంట్లో గిన్నెకూ తేడా ఉంటుందని ఎవరు చెప్పారు?

రాజవ్వ కొత్త చీర కట్టుకొని అరుగు మీద కూర్చొని ఆకు నములుతోంది. లోపలికి తొంగి కూడా చూడలేదు. చాలాసేపటికి ఒక్క మాట — "సెలవుల ఉన్న, చెప్పొద్దు గని... మాడు వాసనొస్తుంది."

మహబూబాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్ళు, తండ్రి బూడిద కలిపి వచ్చారు. ఏమీ అనకుండా తిన్నారు. దుఃఖంలో ఉన్నవాళ్ళు వంటకు వంక పెట్టరు. అందుకే వాళ్ళకు బాగా వండాలి.

జనవరి 24

పప్పు బాగుంది. పచ్చిపులుసు కుదరలేదు.

ఇక్కడికి అస్థికలతో వచ్చినవాళ్ళకు రాజవ్వ చేసే పచ్చిపులుసే గుర్తుంటుంది. గుడి గోపురం గుర్తుండదు, నా సత్రం గుర్తుండదు. "గా పులుసు పోసినామె ఉన్నదా?" అని ఏళ్ళ తర్వాత వచ్చి అడుగుతారు.

నేను మరిచానా? మావారిని గోదాట్లో కలిపి వచ్చిన రోజు ఇదే వరండాలో కూర్చున్నాను. అప్పటిదాకా ముద్ద దిగలేదు. ఆమె ఏమీ అడగలేదు. వేడన్నం మీద చల్లటి పులుసు పోసి, పక్కన కూర్చుంది. పుల్లగా, కొంచెం తియ్యగా, వెనక నుంచి కాల్చిన మిరపకాయ. నోట్లో నీరూరింది. ఊరినందుకు సిగ్గేసింది. తిన్నాను.

తాను కూడా అట్లాగే వచ్చిందట. మరిపెడ దగ్గర ఊరు. మొగుడి బూడిద తెచ్చి కలిపి, తిరిగి పోలేదు.

జనవరి 30

పులుసు ఎట్లా చేస్తావని అడిగాను.

"చెప్తె రాదమ్మా. గది చెయ్యికే తెలుసు, నోటికి తెల్వది."

జనవరి 31

ఆదివారం. చింతపండు పిసుకుతుంటే రాజవ్వ గుమ్మంలో నిలబడింది. లోపలికి రాలేదు — సెలవు కదా. కళ్ళతోనే చెప్తోంది. నీళ్ళు ఎక్కువైతే కనుబొమ్మ లేస్తుంది. మిరపకాయలు నిప్పుల మీద నల్లబడేదాకా ఆగితే తల ఊగుతుంది. నువ్వులు దంచుతుంటే మాత్రం ఉండబట్టలేక — "పొడి చేస్తున్నవా, పిండి చేస్తున్నవా? బరకగ ఉండాలె!"

ఆ మాట అనేసి నాలుక కరుచుకుంది. నవ్వాపుకున్నాను.

ఫిబ్రవరి 7

కుదిరింది!

ఒక ముసలాయన రెండోసారి దోసిలి పట్టాడు. అన్నంలోకి కాదు, ఉత్తగా తాగడానికి. వంటింట్లోకి వచ్చి ముక్తీశ్వరుడి పటం ముందు నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. ఈ వయసులో ఒక చెయ్యి కొత్తగా వచ్చింది.

రాజవ్వ అరుగు మీద లేదు. ఆదివారాలు రేవు దగ్గర కూర్చుంటోంది. పడవల వాళ్ళు మూడు రాళ్ళ పొయ్యి పెట్టి అన్నం వండుకుంటుంటే చూడలేక తానే గరిటె లాక్కున్నదట. ఇప్పుడు ఆదివారమైతే ఆ రాళ్ళ చుట్టూ జనం.

ఫిబ్రవరి 18

శివరాత్రి పనులు. రాఘవ బియ్యం, పప్పు వేసుకొని లారీలో వచ్చాడు. పండుగ వంటవాళ్ళందరికీ వెనక పేజీ ప్రకారమే రాసి ఉంచాను. ఒక్కొక్కరికీ చదివి వినిపించి వేలిముద్ర.

"వకీలుకు తక్కువ గాదు మా వదినె" అన్నాడు. అననీ. బాగానే ఉంది వినడానికి.

ఫిబ్రవరి 24

శివరాత్రి గడిచింది. ఒక్క వంటవాడు కదల్లేదు. విస్తరి ముందు నుంచి ఒక్కరూ ఆకలితో లేవలేదు. కాళ్ళు లాగుతున్నాయి, మనసు మాత్రం తేలిగ్గా ఉంది. ఎరువుల దుకాణం వాళ్ళకు ఒక కొబ్బరికాయ కొట్టాలి.

మార్చి 8

రాజవ్వ వెళ్ళిపోతానంటోంది.

పొద్దున గుడి నుంచి వస్తుంటే వెంట నడుస్తూ చెప్పింది. కోపం లేదు, కష్టం లేదు. "ఐతారం ఐతారం రేవు కాడ కూసుంటుంటె ఎర్కైందమ్మా. ఇన్నేండ్లు మంది పొయ్యి మీద వండిన. నాదంటూ ఒక పొయ్యి కావాలె. ఉగాది ఎల్లినంక గుడిసె ఏసుకుంట. పడవలోళ్ళు రాటలు గూడ తెచ్చిండ్రు."

నేనిచ్చిన ఆదివారమే ఇది. నేనివ్వలేదు, వెనక పేజీ ఇచ్చింది.

మంచిదే రాజవ్వా అన్నాను. నిజంగానే అన్నాను.

ఆమె ఆగిపోయింది. "మంచిదే. గని... గా షరతు ఎట్ల మరి?"

ఏ షరతు?

"కొలువు ఇడిసినంక రెండేండ్లు, పది మైళ్ళ లోపల గదే పని జెయ్యొద్దని. కాళుని ముందట సదివినవు. ముద్రేసిన."

ఇంటికొచ్చి పత్రం తీశాను. 'సదరు నౌకరు ఈ కొలువు విడిచిన పిమ్మట రెండు సంవత్సరముల వరకు పది మైళ్ళ లోపల అదే వ్యాపారము చేయరాదు.' గుమాస్తా వెళ్ళి ఎదురుగా దుకాణం పెట్టకుండా ఎవరో తెలివైనవాడు రాసుకున్న మాట. దాన్ని తెచ్చి రాజవ్వ మెడకు కట్టాను. చిత్రగుప్తుడు చదివి నవ్వుకొని ఉంటాడు.

మార్చి 9

చాలా చిన్న సంగతి. రాసినదాన్ని నేను, కొట్టేసేదాన్ని నేను. ఆమె ముందే ఆ షరతు మీద గీత గీశాను. గుండ్రంగా 'రద్దు' అని కూడా రాశాను.

చూసి తలూపింది. "నువ్వు కొట్టేస్తివి. కాళుడు కొట్టేసిండా?"

మార్చి 12

రాఘవకు ఎవరు చెప్పారో, పొద్దున బస్సుకే దిగాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏం షరతు రాసినవ్ వదినె! గది ఉంటె ముసల్ది ఏడికి పోతది? మన సత్రం పేరు జెప్పుకొని రేవుల హోటలు పెడ్తదట, హోటలు!"

పత్రం లాక్కొని, "నీ ఒక్కదాని గీత చెల్లదు" అంటూ అంతా చదివాడు. కిందికి వచ్చేసరికి ముఖం మారింది. నేనూ వంగి చూశాను. 'ఈ కరారు విషయమై వివాదములు వచ్చినచో గుంటూరు కోర్టు పరిధికి లోబడి ఉండవలెను.'

డైరీ అచ్చయింది అక్కడ మరి.

అరవై తొమ్మిదిలో ఇతను జనగామ స్టేషన్‌లో పట్టాల మీద పడుకున్నాడు. మన కొలువులు మనకేనని గొంతు పోయేదాకా అరిచాడు. మావారు వెళ్ళి లేపుకొని వచ్చారు. గుంటూరు మిరపకాయ వంటింట్లోకి రావద్దన్నాడు ఆ ఏడాదంతా.

"కాయిదమంటె కాయిదమే" అని గొణిగాడు. "గుంటూరైతె గుంటూరు. పోత."

రాజవ్వ వరండాలో బియ్యం చెరుగుతోంది. చెయ్యి ఆపకుండా — "పోతె పో బాపూ. గాడ మిరపకాయ మంచిగుంటదట. వచ్చేటప్పుడు జర నాలుగు వీశెలు తే, కొత్త పొయ్యికి పనికొస్తయి."

నాకు నవ్వాగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నా వినిపించింది.

మార్చి 13

రాఘవ వెళ్ళేముందు గట్టిగానే అన్నాడు. "నీ మెతకతనంతోనే గిట్లయితుంది. ఆమె పోతె సత్రంల ఎవడు తింటడు? నాయిన కట్టిచ్చిన సత్రం పరువు పోదా?"

నేను నెమ్మదిగానే చెప్పాను. "సత్రం మామగారు కట్టించారు రాఘవా. కాగితం నేను రాశాను. నా కాగితం సంగతి నేను చూసుకుంటా. నువ్వు బియ్యం సంగతి చూడు."

అన్నం తినకుండా పోతానన్నాడు. ఇవాళ పచ్చిపులుసు అని తెలిసి కూర్చున్నాడు.

మార్చి 15

సోమవారం. రాజవ్వ మూట కట్టుకుంటోంది. రేవుకు కాదు. మరిపెడకు, తమ్ముడి ఇంటికి.

"రెండేండ్లు ఆడుండి వస్త. మాట దీరినంక నా పొయ్యి పెట్టుకుంట."

వద్దన్నాను. నేను వదిలేశాను కదా అన్నాను. రాఘవ మాట పట్టించుకోవద్దన్నాను.

"గాయన కోసం గాదమ్మా. కోర్టుకు భయపడ్తనా? ముద్రేసిన గదా." మూట ముడి బిగిస్తూ — "రెండేండ్లంటె నా అసొంటి దానికి ఎంతో ఎర్కేనా? తమ్ముని పెండ్లాం నన్ను పొయ్యి కాడికి గూడ రానియ్యది."

ఎవరింటికో పోయి, ఎవరి పొయ్యికో దూరంగా కూర్చొని, తన పొయ్యి కోసం ఎదురుచూస్తుందట. నా అందమైన అక్షరం వల్ల.

జరగనివ్వను. ఉగాది దాకా ఉండమని ఒప్పించాను.

మార్చి 17

రేవుకు వెళ్ళి చూశాను. రాటలు పాతి ఉన్నాయి. పైకప్పు లేదు. పడవల వాళ్ళు వాటికి వలలు ఆరేసుకుంటున్నారు.

మార్చి 19

పంతులు గారిని అడిగాను. మాట ఇచ్చాక విప్పుకొనే దారి ఉందా?

ఆయన తీర్థం చెంబు కింద పెట్టి, ఇది కూడా తెలియదా అన్నట్టు చూశారు. "ఒకే పానవట్టం మీద రెండు లింగాలు ఎందుకున్నాయమ్మా? ముందు కాళుడికి మొక్కి, తర్వాత ముక్తీశ్వరుడికి మొక్కుతాం. ఎందుకు? కట్టేది ఆయన, విప్పేది ఈయన. కట్టించుకొని సగంలో ఇంటికి పోయారు మీరు!"

ఇన్నేళ్ళుగా రోజూ ఇద్దరికీ నీళ్ళు పోస్తున్నాను. ముక్తీశ్వరుడి లింగం మీది రంధ్రంలో పోసిన నీళ్ళు ఎన్ని బిందెలైనా పైకి రావు, లోలోపలే పోయి సంగమంలో కలుస్తాయంటారు. పట్టుకొని ఉండని దేవుడు. నాకెందుకు తోచలేదు?

"ఒక్కటే మాట" అన్నారు పంతులు గారు. "కట్టినప్పుడు చదివారు కనక విప్పేటప్పుడూ చదవాలి. ఇద్దరికీ సమ్మతమైన పత్రం. ఈసారి మీ సంతకం కూడా ఇక్కడే, స్వామి ముందే."

మార్చి 20

రాజవ్వకు చెప్పాను. ముఖం విప్పారింది.

"ముక్తీశ్వరుడు ఇప్పుతడు. ఔ. గాయన పనే గది." మూట విప్పి, చీర తీసి దండెం మీద వేసింది.

వెంటనే — "గని ఈపారి నువ్వు రాసింది నేనినుడు గాదు. నేను చెప్త, నువ్వు రాయి."

మార్చి 21

వెనక పేజీలు మళ్ళీ తిప్పాను. ఇల్లు అద్దెకు ఇవ్వడానికి ఉంది, పొలం కౌలుకు ఇవ్వడానికి ఉంది, మనిషిని పనికి పెట్టుకోవడానికి ఉంది. వదిలిపెట్టడానికి నమూనా లేదు. మంచిదే. ఇంతదాకా ఎవరో అచ్చేసిన మాటలు. ఇప్పుడు మావి.

రాజవ్వ వరండా మెట్టు మీద. నేను పీట మీద, ఒళ్ళో పలక ఆనించుకొని. ఆదివారం కాబట్టి అన్నం వార్చి వచ్చి కూర్చున్నాను.

"రాయి. రాఘవ బాపు నా రేవుకొచ్చి లొల్లి జెయ్యొద్దు."

రాశాను. అతను వస్తే అన్నం పెట్టి పంపమని నేను కలిపాను. ఒప్పుకుంది.

"సోమారం సోమారం స్వామి నైవేద్యం నా చేతిదే. సత్రం నుంచే పోవాలె, నా చేతితోటే వండాలె."

సంతోషంగా రాశాను.

"శివరాత్రికి పెద్ద గుండిగ నాకియ్యాలె. నేనొచ్చి మీకు వండుత, గుండిగ నాకు రెండు దినాలు ముందుగాల ఇయ్యాలె."

ఇదెందుకో అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది కదా. రాశాను.

ఆ తర్వాత ఆకు చుట్టుకుంటూ, చాలా మామూలుగా — "రెండేండ్లు సత్రంల పచ్చిపులుసు చెయ్యొద్దు."

కలం ఆగింది.

"నువ్వు నా మీద రాసిందే గదమ్మా. గదే నేను నీ మీద రాస్తున్న."

పరాచికమనుకున్నాను. కాదు.

"అన్నం మీది. పప్పు మీది. గా పులుసు నాది. నా ఎన్క పేరు చెప్పుకునేది గదొక్కటే. సత్రంల ఉత్తగ పోస్తుంటె నా కాడ ఎవలు తాగుతరు? బూడిద కలిపొచ్చినోళ్ళను నా గుడిసెకు పంపు. లేనోళ్ళకు నేను గూడ ఉత్తగనే పోస్త. నీకెర్కనే గద."

ఎరుకే. ఆమె ఎవరినీ ఆకలితో పంపదు. నా కలాన్ని ఆపింది అది కాదు.

మార్చి 23

ఇన్నేళ్ళ తర్వాత నేను కొత్తగా నేర్చుకున్నది ఆ పులుసొక్కటే.

మార్చి 24

పోనీ, వంటిల్లు నాది, ఎవరు చూస్తారు... ఈ ఆలోచన వచ్చిన మాట నిజం. వెంటనే పోయిందన్నదీ నిజం. ముక్తీశ్వరుడి ముందు చదివాక దాని మీద దొంగచాటు పులుసు చేస్తానా.

రాఘవకు కార్డు రాశాను. రాజవ్వ రేవు దగ్గర ఉంటుంది, అది నా నిర్ణయం, ఉగాదికి బెల్లం పంపు — అని. అంతే రాశాను. అతను బెల్లం పంపుతాడు. నాకు తెలుసు.

మార్చి 26

ఉగాది. బెల్లం వచ్చింది. దాంతో పాటు ఒక చిన్న సంచిలో ఎండు మిరపకాయలు. చీటీ లేదు. తరిగొప్పుల చేలోవే, గుంటూరువి కావు. రాజవ్వ సంచి ముడి విప్పి, ఒకటి విరిచి వాసన చూసి, "బాపు కోపం తగ్గినట్టుంది" అని తన కొంగులో పోసుకుంది.

పచ్చడి ఇద్దరం కలిసి చేశాం. వేపపువ్వు నాది, చింతపండు ఆమెది. పులుపు ఎంతో ఆమె చెయ్యే తేల్చింది. నేను చూస్తూ నిలబడ్డాను.

ఆ చివరి షరతుకు ఒప్పుకున్నానో లేదో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

మార్చి 27

రేవులో గుడిసెకు తాటికమ్మలు కప్పుతున్నారు. పంతులు గారు గోడ పక్కన ఆగి, "సోమవారం అభిషేకం తర్వాత, గుర్తుంది కదా" అన్నారు.

ఉంది.

మార్చి 28

ఆదివారం. నా వంట.

మహబూబాబాద్ నుంచి ఒక కుటుంబం. పోయినవాడు చిన్నవాడు. భార్య గోడకు ఆనుకొని కూర్చుంది. అన్నం పెడితే చూడలేదు. అత్తగారు బతిమాలింది. లాభం లేదు. నేను పులుసు తెచ్చి పోసి, పక్కన కూర్చున్నాను. ఏమీ అడగలేదు. చాలాసేపటికి వేళ్ళు కదిలాయి. ఒక ముద్ద. ఆగి, ఇంకొకటి.

అప్పుడు తల ఎత్తితే రాజవ్వ గుమ్మంలో ఉంది. సెలవు రోజు మొదటిసారి లోపలికి వచ్చింది. గరిటెతో కొంచెం తీసి అరచేతిలో వేసుకొని నాకింది. కళ్ళు మూసుకుంది, ఆ రోజు కాళుడి ముందు మూసుకున్నట్టు.

"ఉప్పు జర తక్కువ."

తర్వాత, బయటికి పోతూ — "...గని నాదే."

పత్రం సాపు రాశాను. ఎక్కడా కొట్టివేత లేదు. రాఘవ సంగతి, నైవేద్యం, పెద్ద గుండిగ — అన్నీ ఆమె చెప్పిన మాటల్లోనే. పొయ్యి ఆమెదే, రేపటితో ఆ ముడి విడిపోవాలి. అందులో నాకు సందేహం లేదు.

చివరి షరతు చదివితే చిన్నదే. రెండేండ్లు. పది మైళ్ళు కూడా కాదు, ఒక గిన్నె. 'పచ్చిపులుసు విషయమై' అని రాసి, ఆ తర్వాత చుక్కలు పెట్టి వదిలాను, నమూనాలో పెట్టినట్టే; రేపు స్వామి ముందు చదివేలోగా నింపాలి.

సోమవారాలు యాత్రికులు ఎక్కువ. చింతపండు ఇప్పుడే నానబెట్టాలి. డబ్బా మూత తీసి పెట్టాను...